కారు నల్ల ప్లాస్టిక్ ఎందుకు వెలిసిపోతుంది, ఏ చికిత్స ఎంతవరకు పనిచేస్తుంది

నాలుగైదు వేసవులు ఆరుబయట ఎండలో నిలిచిన కారు బంపర్‌ను దగ్గరగా చూస్తే, పైన కారు రంగు వేసిన భాగం ఇంకా నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని కింద రంగు వేయకుండా వదిలిన నల్ల భాగం మాత్రం బూడిద రంగుకు తిరిగి, అక్కడక్కడ తెల్లటి చారలు కట్టి ఉంటుంది. చాలా కార్లలో ఆ రెండు భాగాలూ ఒకే జాతి ప్లాస్టిక్‌తో చేసినవే. రెండింటి మీదా పడింది ఒకే ఎండ, ఒకే వాన, ఒకే దుమ్ము. తేడా అంతా పై భాగం మీదున్న పెయింటులోనూ, ఆ పెయింటు మీద సుమారు 40 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన ఉన్న క్లియర్ కోటు అనే పారదర్శక పొరలోనూ ఉంది. ఆ పలుచటి పొర అడ్డుపడుతున్నది దేనికో తెలిస్తే, వెలిసిన ప్లాస్టిక్‌కు బజారులో దొరికే సీసాల్లో ఏది ఎంతకాలం నిలుస్తుందో చాలావరకు ముందే అంచనా వేయవచ్చు.

రంగు వేయని ప్లాస్టిక్ ఒకప్పుడు చౌక వేరియంట్ల గుర్తు. ఖర్చు తగ్గించడానికి బంపర్లు, అద్దాల తొడుగులు, డోర్ హ్యాండిళ్లు నల్లగానే వదిలేసేవారు. గత పదిహేనేళ్లలో అదే నల్ల ప్లాస్టిక్ మొరటు రూపానికి చిహ్నంగా మారి, ఖరీదైన వేరియంట్లలోకీ వచ్చింది. 2012లో వచ్చిన రెనో డస్టర్, 2013 నాటి ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2014లో టయోటా ఎటియోస్ క్రాస్, 2015లో హ్యుందాయ్ ఐ20 యాక్టివ్, 2016లో మారుతి విటారా బ్రెజా, ఇవన్నీ చక్రాల చుట్టూ, తలుపుల అడుగున క్లాడింగ్ అనే నల్ల ప్లాస్టిక్ తొడుగుతో వచ్చిన కార్లే. ఆ తరం కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో తిరుగుతున్నాయి. ఇంజిన్ ఎంత బాగున్నా, క్లాడింగ్ వెలిసిపోతే బండి ఉన్న వయసు కన్నా ముసలిదిగా కనిపిస్తుంది. అందుకే అమ్మేరోజు పొద్దున ఎవరో ఒకరు దాని మీద ఏదో ఒకటి పూస్తారు. పాత కారు కొనేవారు బండిని ఒకసారి షాంపూతో కడిగించి, ఆరిన తర్వాత చూడటం మంచిది.

ఈ భాగాల్లో అధికశాతం పాలీప్రొపైలీన్. దెబ్బ తగిలినప్పుడు పగలకుండా వంగడానికి దానిలో ఈపీడీఎం రబ్బరును, బిగువు కోసం, వేడికి ఆకారం మారకుండా ఉండటం కోసం టాల్క్ పొడిని కలుపుతారు. బంపర్ లోపలి వైపు అచ్చులో పోసిన గుర్తు చదివితే ఈ సంగతి తెలిసిపోతుంది. అక్కడ పీపీ ప్లస్ ఈపీడీఎం టీడీ20 అని ఉంటే, రబ్బరు కలిసిన పాలీప్రొపైలీన్‌లో 20 శాతం టాల్క్ ఉందని అర్థం. నలుపు కోసం వేసేది కార్బన్ బ్లాక్, అంటే అత్యంత మెత్తటి మసి. అద్దాల తొడుగులు, గ్రిల్లులు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో కూడా చేస్తారు గనుక, ఏ చికిత్స మొదలుపెట్టే ముందైనా భాగం వెనుక ఉన్న గుర్తు చూసుకోవడం శ్రమ లేని జాగ్రత్త.

పాలీప్రొపైలీన్ చవక, తేలిక, ఆమ్లాలకూ క్షారాలకూ లొంగదు. దాని బలహీనత అతినీలలోహిత కాంతి. ఆ అణువు పొడవాటి కార్బన్ గొలుసు. ఆ గొలుసులో ఒకటి విడిచి ఒక కార్బన్‌కు మీథైల్ గుంపు అతుక్కుని ఉంటుంది. ఆ కార్బన్‌కే ఉన్న ఒంటరి హైడ్రోజన్ తేలిగ్గా ఊడిపోతుంది. తయారీలో మిగిలిన ఉత్ప్రేరకపు ఆనవాళ్లు, అచ్చు పోసేటప్పుడు వేడికి ఏర్పడిన కొద్దిపాటి ఆక్సిజన్ కలిసిన గుంపులు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని ఆ పని మొదలుపెడతాయి. హైడ్రోజన్ ఊడిన చోట ఆక్సిజన్ చేరి హైడ్రోపెరాక్సైడ్ అవుతుంది. అది మళ్లీ కాంతికి విరిగి రెండు కొత్త రాడికల్స్‌ను, అంటే పక్క అణువుల మీద వెంటనే దాడి చేసే తెగిన ముక్కలను, వదులుతుంది. ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగే చర్య కావడం వల్లనే ప్లాస్టిక్ మొదటి రెండు మూడేళ్లు ఏమీ కానట్టు ఉండి, తర్వాత ఒక్క వేసవిలో తెల్లబారినట్టు అనిపిస్తుంది. ఆ మొదటి ఏళ్లు ప్రశాంతంగా గడవడానికి కారణం తయారీదారు కలిపే స్థిరకారులు. హిండర్డ్ అమీన్లు అనే రసాయనాలు రాడికల్స్‌ను పట్టి నిర్వీర్యం చేసి, తాము మళ్లీ పని చేసే స్థితికి వస్తాయి. అయితే అవీ శాశ్వతం కావు. మెల్లగా విరుగుతాయి, ఉపరితలం నుంచి పోతాయి, లోపలి నిల్వ పైకి చేరి కొంతకాలం ఆదుకుంటుంది. ఆ నిల్వ అడుగంటిన తర్వాత గొలుసులు తెగడం వేగం పుంజుకుంటుంది.

గొలుసులు తెగితే రంగు ఎందుకు మారాలనేది న్యాయమైన ప్రశ్న. తెగిన పొట్టి ముక్కలకు కదిలే స్వేచ్ఛ ఎక్కువ గనుక అవి పక్కపక్కన చేరి స్ఫటికాలుగా అమరుతాయి. దానితో పై పొర కుంచించుకుని, కంటికి కనిపించనంత సన్నగా బీటలు వారుతుంది. తర్వాత ఆ పొర పొడిగా రాలడం మొదలై, లోపల దాగి ఉన్న టాల్క్ రేణువులు బయటపడతాయి. ఈ విధ్వంసమంతా మూడు మిల్లీమీటర్ల మందమున్న బంపర్‌లో పైనున్న కొద్ది పదుల మైక్రాన్ల నుంచి వంద మైక్రాన్లకు అటూ ఇటూగా మాత్రమే జరుగుతుంది. కార్బన్ బ్లాక్ అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటుంది గనుక లోతుకు దెబ్బ తగలనివ్వదు. పై పొరను మాత్రం కాపాడలేదు.

వెలిసిన ప్లాస్టిక్‌లో నలుపు ఎక్కడికీ పోలేదు. మసి ఎండకు వెలిసే పదార్థం కాదు. బీటలు వారి గరుకెక్కిన ఉపరితలం మీద పడిన వెలుతురు లోపలి మసిని చేరకముందే అన్ని వైపులకూ చెదిరి కంటికి తిరిగి వస్తుంది, ఆ చెదిరిన తెల్లటి వెలుతురు నలుపుతో కలిసి బూడిద రంగుగా కనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిచిన పలక నల్లగా మెరిసి, ఆరగానే మళ్లీ పాలిపోవడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. గాలికీ పాలీప్రొపైలీన్‌కూ వక్రీభవన గుణకాల్లో, అంటే వెలుతురును వంచే శక్తిలో, తేడా పెద్దది: గాలికి 1.00, పాలీప్రొపైలీన్‌కు 1.49. నిటారుగా పడిన వెలుతురులో దాదాపు 4 శాతం ఆ ఒక్క సరిహద్దు దగ్గరే వెనక్కి తిరుగుతుంది. బీటల నిండా అలాంటి సరిహద్దులే. బీటల్లోకి 1.33 గుణకమున్న నీరు చేరితే ఆ వాటా 0.3 శాతానికి, 1.40 గుణకమున్న సిలికాన్ నూనె చేరితే 0.1 శాతానికి పడిపోతుంది. 1.47 దగ్గర ఉండే ఖనిజ తైలాల విషయంలో దాదాపు ఏమీ మిగలదు. కాబట్టి వెలిసిన ప్లాస్టిక్ మీద ఏ జిడ్డు పూసినా అది నల్లబడుతుంది. పూయగానే నల్లబడిందన్నది ఆ మందు గొప్పతనానికి రుజువు కాదు. ప్రకటనల్లో సగం పూసి సగం వదిలి చూపించే దృశ్యం మంచినీళ్లతోనూ తీయవచ్చు.

మన ప్రాంతంలో ఈ నష్టం త్వరగా జరగడానికి వేడి ఒక్కటే కారణం కాదు. విజయవాడలో మే మొదటి వారంలోనూ, హైదరాబాద్‌లో ఆ తర్వాత కొద్ది రోజులకూ మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మబ్బు లేని ఆ రోజుల్లో అతినీలలోహిత కాంతి వాతావరణంలో అతి తక్కువ దూరం ప్రయాణించి నేలను చేరుతుంది. అప్పుడు నిలువుగా ఉన్న తలుపు క్లాడింగ్ కన్నా నేలకు సమాంతరంగా ఉన్న భాగాలే ఎక్కువ దెబ్బ తింటాయి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే కౌల్ ప్యానెల్ అన్నిటికన్నా ముందు తెల్లబారడానికి ఇదే కారణం. దానికి ఇంజిన్ వేడి, అద్దం మీంచి జారిన వాషర్ నీళ్ల మరకలు తోడవుతాయి. రూఫ్ రెయిళ్లు, వెనుక బంపర్ మీద సామాను పెట్టే అంచు తర్వాతి వరుసలో ఉంటాయి. 40 డిగ్రీల గాలిలో నల్ల ప్లాస్టిక్ 70 డిగ్రీలు దాటడం మామూలే, వేడి పెరిగే కొద్దీ పైన చెప్పిన చర్యల వేగమూ పెరుగుతుంది. స్టిల్ట్ పార్కింగ్‌లో ఉండే కారుకూ, వీధిలో నిలిచే అదే మోడల్ కారుకూ ప్లాస్టిక్ వయసులో ఏళ్ల తేడా రావడంలో ఆశ్చర్యం లేదు.

తెల్లగా కనిపించిందల్లా వెలిసిపోవడం కాదు. పెయింటుకు వ్యాక్స్ లేదా పాలిష్ పట్టించినప్పుడు అది పక్కనున్న గరుకు ప్లాస్టిక్ సందుల్లో చిక్కి, ఆరిపోయి, పెయింటు అంచు వెంబడి తెల్లటి గీతలుగా మిగులుతుంది. దానికి మెత్తటి బ్రష్షు, ఆల్ పర్పస్ క్లీనర్ చాలు. అసలు నష్టాన్ని గుర్తించడానికి శుభ్రంగా కడిగి ఆరిన చోట తడి వేలితో రుద్దాలి. తడిసినంత సేపు నల్లబడి, ఆరగానే మళ్లీ బూడిద రంగుకు వస్తే అది పైన చెప్పిన బీటల వ్యవహారం. తడిసినా తెల్లగానే ఉండే మచ్చ అయితే పాలిష్ అవశేషమో, బోరు నీటి ఉప్పు మరకో అయివుంటుంది. గోటితో గీరితే పొడి రాలి గీత పడే స్థితి ఉంటే పై పొర బాగా కుళ్లిందని లెక్క, దాని మీద ఏం పూసినా ఆ పొడి మీదే నిలవాలి.

ఇక మందుల సంగతి. అతి చౌకైన వర్గం నూనెలు, మెరుపు కోసం పూసే సిలికాన్ డ్రెస్సింగులు. డాష్‌బోర్డ్ పాలిష్, టైర్ పాలిష్ పేరుతో దొరికేవాటిలో ఎక్కువ భాగం ఈ కోవవే. నీటి ఆధారిత రకాలు పాలలా తెల్లగా ఉంటాయి, పూశాక జిడ్డు తక్కువ. ద్రావకపు ఆధారమున్నవి నూనెలా మెరుస్తాయి, ఎక్కువ కాలం ఉంటాయి, దుమ్మును కూడా ఎక్కువ పట్టుకుంటాయి. బీటలను ద్రవంతో నింపడం తప్ప ఇవేవీ చేయవు గనుక కొన్ని వాష్‌లకో, ఒక మంచి వానకో దిగిపోతాయి. వంటింటి నూనెలు ఇంకా అధ్వానం. కొబ్బరి నూనెలో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వులే కావడం వల్ల అది త్వరగా పాడవదు గానీ రోడ్డు దుమ్మును అద్దినట్టు పట్టుకుంటుంది. వేరుశనగ నూనె అయితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కనరెత్తి, జిగురుగా మారి, తర్వాత ఏ కోటింగ్ వేద్దామన్నా ముందు దాన్ని వదిలించుకోవడమే ఒక పని అవుతుంది. నల్ల బూట్ పాలిష్‌తో వచ్చే నలుపు మొదటి వానకే తలుపు రంగు మీదికి కారుతుంది. వాటర్ వాష్ సెంటర్లలో డీజిల్ గుడ్డతో తుడిచి మెరిపించే అలవాటు మాత్రం నిజంగా హాని చేసేది. పెట్రోలియం తైలాలకు ఈపీడీఎం రబ్బరు ఉబ్బుతుంది, తలుపుల చుట్టూ ఉన్న రబ్బర్లు సాధారణంగా ఆ రబ్బరువే.

సిలికాన్‌కు ఇంకో చిక్కు ఉంది. పక్క ప్యానెల్ మీద ఎగిరిపడిన పలుచటి సిలికాన్ పొర మీద తర్వాత పెయింటు కొడితే, పెయింటు పట్టక చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. ఆటోనగర్ పెయింటర్లు డెంటింగ్ పనికి వచ్చిన బండి మీద టైర్ పాలిష్ మెరుపు చూసి విసుక్కోవడం ఊరికే కాదు. స్ప్రే రూపంలో ఉన్న డ్రెస్సింగును నేరుగా బండి మీద కొట్టకుండా స్పాంజికి కొట్టి పూయాలని చెప్పేది అందుకే.

హీట్ గన్ పద్ధతి చూడటానికి ఇంద్రజాలమే. కొన్ని వందల డిగ్రీల గాలిని వెదజల్లే ఆ పరికరాన్ని బంపర్ మీద నెమ్మదిగా కదుపుతుంటే బూడిద రంగు కళ్ల ముందే నలుపుగా మారుతుంది. పాలీప్రొపైలీన్ 160 నుంచి 165 డిగ్రీల మధ్య కరుగుతుంది. పై పొర క్షణకాలం కరిగి పారి, బీటలు పూడి, మళ్లీ నునుపుగా గడ్డకట్టడమే ఆ మార్పు. వెలుతురు చెదిరే కారణం పోయింది గనుక నలుపు తిరిగి వచ్చింది. తెగిన గొలుసులు మాత్రం అతుక్కోలేదు, అయిపోయిన స్థిరకారులు తిరిగి పుట్టలేదు. కరిగి గడ్డకట్టిన ఆ పొర పాతదాని కన్నా బలహీనమైనది, దాని మీద ఎండ పడటం మళ్లీ మొదలవుతుంది. పైగా అచ్చులో వచ్చిన గరుకుతనం చదునై, కొన్నిచోట్ల మెరుపు, కొన్నిచోట్ల మసకగా అతుకులు వేసినట్టు ఉంటుంది. ఒక్క క్షణం ఎక్కువ ఆగితే క్లాడింగ్ వంకర పోతుంది, పక్కనున్న పెయింటు ఉబ్బుతుంది, కౌల్ దగ్గర అయితే ముందు అద్దమే పగలవచ్చు. ఎలాగూ మార్చేయదలచిన భాగం మీద ప్రయోగానికి తప్ప ఈ పద్ధతిని సిఫారసు చేయడానికి కారణం కనిపించదు. హెడ్‌లైట్ల మీద వాడే నీటి ఎమరీ కాగితాన్ని దీని మీద వాడమనే సలహా కూడా ఇటువంటిదే. హెడ్‌లైట్ నున్నటి పాలీకార్బొనేట్, పై పొర అరిగించి క్లియర్ కోటు కొట్టవచ్చు. గరుకు అచ్చుతో వచ్చిన పాలీప్రొపైలీన్‌ను ఎమరీతో రుద్దితే ఆ గరుకు శాశ్వతంగా పోతుంది.

మిగిలినవి రెండు రకాలు: మసి లేదా నల్ల రంగు కలిసిన ట్రిమ్ రిస్టోరర్లు (వెలిసిన ప్లాస్టిక్‌కు నలుపు తిరిగి తెచ్చే పూతలు), సిలికా ఆధారమున్న సిరామిక్ కోటింగులు. రెండూ ఆరాక గట్టిపడి నిలిచే పొరలు గనుక నెలల తరబడి ఉంటాయి, బాగా పడితే ఏడాది దాటుతాయి. వీటి మధ్య ఎంపికలో ప్రచారం సిరామిక్ వైపు మొగ్గుతుంది గానీ, వెలిసిపోవడానికి మూలకారణం చూస్తే మొగ్గాల్సింది రంగు కలిసిన రకం వైపు. మొదట చెప్పిన క్లియర్ కోటు ప్లాస్టిక్‌ను కాపాడగలగడానికి దాని మందమే ముఖ్య కారణం. ఒక పొర ఎంత అతినీలలోహిత కాంతిని ఆపుతుందన్నది దానిలో పీల్చే పదార్థం ఎంత గాఢంగా ఉంది, పొర ఎంత మందంగా ఉంది అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. చేత్తో పూసి తుడిచే పారదర్శక కోటింగు ఆరిన తర్వాత ఒకటి రెండు మైక్రాన్లకు మించి మిగలడం అరుదు. 40 మైక్రాన్ల పొర చేసే పని దాని వల్ల కాదు, సీసా మీద అతినీలలోహిత రక్షణ అని ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా సరే. అది బీటలు పూడుస్తుంది, నీటిని, మురికిని నిలవనివ్వదు, అంతే. మసి కలిసిన పొర విషయం వేరు. మసి అతి తక్కువ మందంలోనూ కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది గనుక, పలుచటి పొరైనా కింది ప్లాస్టిక్ మీద పడే కాంతిలో చెప్పుకోదగ్గ భాగాన్ని తన మీద వేసుకుంటుంది. ముందు రంగు పట్టించి, అది పూర్తిగా ఆరాక పైన సిరామిక్ వేసే డీటెయిలింగ్ సెంటర్ల పద్ధతిలో తర్కం ఉంది, ఖర్చు భరించగలిగితే.

కొత్త పాలీప్రొపైలీన్ ఉపరితలం దేనినీ అంటనివ్వదు. నీరు దాని మీద పూసలుగా జారుతుంది, పెయింటు పొరలుగా లేచిపోతుంది. వెలిసిన ప్లాస్టిక్ మీద మాత్రం ఆక్సిజన్ కలిసిన గుంపులు ఏర్పడి ఉంటాయి గనుక ద్రవాలు బాగా పరుచుకుంటాయి. రిస్టోరర్లు కొత్త భాగం కన్నా వెలిసిన భాగం మీదే బాగా పట్టడానికి ఇదొక కారణం. అయితే పైన వదులుగా ఉన్న పొడిని, బీటల్లో దాగిన పాత డ్రెస్సింగును తీయకపోతే ఆ సౌలభ్యం వృథా. చేసిన పని నాలుగు వారాలకే మచ్చలుగా లేచిపోయిందన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మందు లోపం కాదు, కడగడంలో లోపం.

ఆ కడగడం ఓపిక పని. గట్టి ఆల్ పర్పస్ క్లీనర్‌ను సీసా మీద చెప్పిన పాళ్లలో కలిపి, నైలాన్ బ్రష్షుతో గరుకు గీతలు ఉన్న దిశలోనూ, దానికి అడ్డంగానూ రుద్దాలి. మొదటిసారి నురగ గోధుమ రంగులోనో, నల్లగానో దిగుతుంది. నురగ తెల్లగా దిగేదాకా మళ్లీ మళ్లీ చేయాలి. క్లాడింగ్ అంచులు, బిగింపు క్లిప్పుల చుట్టూ ఉన్న సందులకు పాత టూత్ బ్రష్షే మేలు. కౌల్ ప్యానెల్ అయితే వైపర్ చేతులు విప్పి, సందుల్లో కుళ్లిన ఆకులు తీసి, కింద నీరు పోయే రంధ్రాలు కూడా చూసుకోవడం ఉభయతారకం. ఆరిన తర్వాత తెల్లటి గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి తుడవాలి. గుడ్డకు జిడ్డు నలుపు అంటుతుంటే పాత పూత ఇంకా ఉందని అర్థం. నీళ్లు చల్లితే పూసలు కట్టకుండా పలుచగా పరుచుకున్నప్పుడే పూతకు సిద్ధమైనట్టు.

పూత వేసే వేళ గురించి సీసాల మీద రాసే సూచనలు చల్లటి దేశాలను దృష్టిలో పెట్టుకున్నవి. ఇక్కడ ఎండలో వేడెక్కిన ప్యానెల్ మీద పూస్తే ద్రావకం పరుచుకునేలోపే ఎగిరిపోయి గీతలు మిగులుతాయి. వేసవిలో సూర్యోదయానికి ముందో, కప్పు కింద రాత్రంతా నిలిపిన బండి మీదో చేయాలి. ముసురు రోజుల్లో అసలు పెట్టుకోకపోవడం మంచిది, పొర గట్టిపడేలోపు తడిస్తే మచ్చలు ఖాయం. దసరా దాటి సంక్రాంతి లోపు వచ్చే పొడి రోజులు ఇందుకు అనువైనవి. పెయింటు అంచు వెంబడి మాస్కింగ్ టేపు వేసి, కంటికి కనిపించని మూల ఒకసారి పూసి చూసి, తర్వాత స్పాంజి ముక్కతో చాలా తక్కువ మందు తీసుకుని చిన్న చిన్న భాగాలుగా రుద్దుతూ పట్టించాలి. మిగులును మెత్తటి గుడ్డతో తుడిచేయాలి. వదిలేసిన మిగులే తర్వాత కారుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. మందంగా ఒకసారి కన్నా పలుచగా రెండుసార్లు మేలు. ఒక రోజంతా నీరు తగలకుండా ఉంచాలి.

గోటికి పొడి రాలే దశ దాటి, కంటికి కనిపించే పగుళ్లు వచ్చిన భాగాలకు ఈ శ్రమ దండగ. చిన్న కార్లలో కౌల్ ప్యానెల్‌నో, చక్రం పైని క్లాడింగ్‌నో మార్చడం మంచి కోటింగు ఖర్చుకు దగ్గరగానే ఉండవచ్చు, ఒకోసారి తక్కువ కూడా. పెయింటు వేయించడం మధ్యేమార్గం. ప్లాస్టిక్ ప్రైమర్ వేసి, గట్టిపడే రకం మ్యాట్ నల్ల పెయింటు కొట్టిస్తే బంపర్ పై భాగానికి దొరికిన రక్షణే దీనికీ దొరుకుతుంది. ప్రైమర్ ఎగ్గొట్టి స్ప్రే డబ్బాతో కానిచ్చేసిన పని మాత్రం చక్రాలు చిమ్మిన రాళ్ల దెబ్బకు పొలుసులుగా లేస్తుంది. కొత్త భాగం కొనేటప్పుడు రీసైకిల్ చేసిన ప్లాస్టిక్‌తో, స్థిరకారులు ఎగ్గొట్టి చేసిన చౌక నకళ్లతో జాగ్రత్తగా ఉండాలి. అవి అచ్చు కంపెనీ భాగంలాగే నల్లగా ఉంటాయి గానీ ఒకటి రెండు వేసవులకే బూడిద రంగులోకి దిగుతాయి. బిగించేముందే దాని మీద రక్షణ పూత వేయించుకోవచ్చు. కొత్త పాలీప్రొపైలీన్ పూతను అంత తేలిగ్గా పట్టనివ్వదు గనుక అచ్చు నుంచి మిగిలిన జిడ్డును ఆల్కహాల్‌తో బాగా తుడిచి, కొత్త ప్లాస్టిక్‌కు పనికివస్తుందని సీసా మీద స్పష్టంగా రాసిన రకాన్నే ఎంచుకోవాలి.